పక్వ పరిపాలన

మా ఊరి పురపాలక సంఘం పేరు చెబితే చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఒకప్పుడు ముక్కు మూసుకునేవారు. ఇప్పుడు చేతులు జోడిస్తున్నారు. ఈ మార్పుకి మూలకారణం నేను. గొప్ప కోసం చెప్పడం లేదు, గొప్పే గనక చెబుతున్నాను.

నా పేరు తాతబ్బాయి. పార్కుల సూపర్‌వైజరుని. ఊళ్లో ఉన్నది ఒక్కటే పార్కు. మిగతావి కాగితం మీద ఉన్నాయి, వాటికీ నేనే సూపర్‌వైజరుని. ఉన్న ఆ ఒక్కటీ ఆఫీసు వెనకాల ఉంది, దాని ఈశాన్యం మూల నా ఎరువు కుప్ప ఉంది.

కుప్ప అన్నానని చులకన చెయ్యకండి. మిగతా ఊళ్లలో చెత్త మీద ఏదో పొడి చల్లి, టార్పాలిన్ కప్పి, నెల తిరక్కుండానే సంచులకెత్తి 'సేంద్రియ ఎరువు' అని ముద్ర కొట్టేస్తారు. ఆ సంచి మూతి విప్పితే మొక్క సంగతి దేవుడెరుగు, ముందు మనిషి వాడిపోతాడు. నాది అలాంటి సరుకు కాదు. కార్తీకంలో పేరిస్తే మళ్లీ కార్తీకం రావాల్సిందే. ఎండుటాకు మందంగా ఒక పొర, దాని మీద పల్చగా పచ్చిది ఒక పొర, పైన పేడనీళ్లు, పాలకి తోడేసినట్టు గుప్పెడు పాత ఎరువు. లోపల వేడి పుడుతుంది. చెయ్యి పెడితే చురుక్కుమంటుంది. అప్పుడు తిరగెయ్యాలి. మళ్లీ వేడెక్కితే మళ్లీ తిరగెయ్యాలి. తేమ ఎంతుండాలంటే, గుప్పిట్లో పట్టి పిండితే తడి తెలియాలి గాని నీళ్లు కారకూడదు. ఆఖరికి వేడంతా చల్లారి, పిలవకుండానే వానపాములు వచ్చి చేరతాయి. అప్పటికీ చెయ్యి పెట్టకుండా ఆగాలి. ఆగి, ఆగి, ఒకనాడు గుప్పెడు తీసి వాసన చూస్తే తొలకరి పడ్డ నేల వాసన వస్తుంది. అందులో ఏది ఆకో, ఏది తొక్కో కన్నతల్లి కూడా పోల్చలేదు.

ఈ కుప్పలోకి వచ్చే పచ్చి సరుకులో సగం అచ్చియ్యమ్మగారిది. ఆవిడ ఆఫీసు గేటు పక్కన తోపుడుబండి మీద ఇడ్లీలు అమ్ముతుంది. గుమాస్తాలు తిని పారేసిన అరిటాకు ముక్కలు, కొబ్బరి పీచు, అల్లం తొక్కలు మధ్యాహ్నం బుట్టకెత్తి తనే తెచ్చి నా కుప్ప మీద బోర్లిస్తుంది. "నా ఇడ్లీ తిన్న ఈ ఆఫీసోళ్లు ఏం చేత్తన్నారో తెల్దు గానీ, ఆకులు తిన్న మీ మొక్కలు మాత్రం పువ్వులు పూత్తన్నాయి బాబూ" అంటుంది.

ఆవిడకి ఒకటే కావాలి. కుళాయి. రోడ్డు వెడల్పు చేసినప్పుడు వాళ్ల వీధికుళాయి పీకేసి, ఇంటింటికీ కుళాయి ఇస్తామన్నారు. అందరికీ ఇచ్చారు. వీధి చివర ఇల్లని ఆవిడది మర్చిపోయారు. గొట్టం ఆవిడ గుమ్మం కిందనుంచే పోతోంది. చెవి పెడితే నీళ్ల చప్పుడు వినపడుతుందట. అయినా పప్పు నానబొయ్యాలన్నా, పిండి రుబ్బాలన్నా పక్క వీధికి పోయి, అందరి బిందెలూ నిండాక, వాళ్ల మాటలు పడి, రెండు బిందెలు మోసుకు రావాలి. దానికి అర్జీ పెట్టింది. కావలసింది కమిషనరుగారి సంతకం, మూరెడు గొట్టం.

సంతకం దాకా వచ్చింది కూడా. సరిగ్గా అప్పుడే పాత కమిషనరుగారు బదిలీ అయ్యి, ఉదయభాస్కర్‌గారు వచ్చారు.

ఉదయభాస్కర్‌గారు చేరీ చేరగానే ఏదో కొండమీద జరిగిన శిక్షణకి వెళ్లొచ్చారు. ప్రపంచమంతా తొందరపాటు అనే జబ్బుతో తీసుకుంటోందని, నిదానమే మందు అని అక్కడ చెప్పారట. నిదానంగా నమలడం, నిదానంగా నడవడం, ఒక ఎండుద్రాక్షని అరగంటసేపు తినడం నేర్పారట. కొండ దిగి వచ్చాక ఆయన నిదానంగా నడుస్తూ నా కుప్ప దగ్గరికి వచ్చారు.

"ఇదేమిటి, తాతబ్బాయిగారూ?"

ఇంతవరకూ ఏ కమిషనరూ నన్ను ఆ ప్రశ్న అడగలేదు. ఉద్యోగంలో చేరిన దగ్గర్నుంచీ ఎవరైనా అడుగుతారేమోనని ఎదురు చూస్తున్నవాణ్ణి. ఆగుతానా? పొరల సంగతి, వేడి సంగతి, తిరగెయ్యడం, చల్లారడం అన్నీ పూస గుచ్చినట్టు చెప్పేశాను. పండిన ఎరువు గుప్పెడు తీసి చేతిలో పెట్టాను. ఆయన కళ్లు మూసుకుని చాలాసేపు వాసన చూశారు.

"కాగితం కూడా దీంట్లో పండుతుందా?"

"ఎందుకు పండదు సార్? కాగితం చెట్టు నుంచి వచ్చిందే కదా. మంచి ఎండు సరుకు."

"అంటే ఫైలు కూడా సేంద్రియ పదార్థమే అన్నమాట" అన్నారాయన మెల్లిగా. ఆ మాట వెనకాల ఏముందో నాకప్పుడు తట్టలేదు. బాగా మెచ్చుకున్నారన్న సంబరంలో ఉన్నాను.

సోమవారం సర్క్యులర్ వచ్చింది. 'ఇందుమూలముగా యావన్మంది సిబ్బందికి తెలియజేయునది ఏమనగా, సత్వర పరిష్కారము అను దురలవాటు వలన పరిపాలన యందు పచ్చితనము ప్రబలుచున్నది. కావున ఇకమీదట ప్రతి అర్జీయు పక్వమునకు వచ్చిన పిదపనే పరిష్కరింపబడవలెను. ఈ విధానమునకు పక్వ పరిపాలన అని పేరు. సాంకేతిక సలహాదారు: శ్రీ తాతబ్బాయి, పార్కుల సూపర్‌వైజరు.' ఆఫీసు గోడ మీద పెద్ద అక్షరాలతో ఒక నినాదం కూడా రాయించారు: తొందరపడితే కంపు, ఓపికపడితే కంపోస్టు.

నా పేరు సర్క్యులర్‌లో రావడం అదే మొదలు. ఇంటికి పట్టికెళ్లి మా ఆవిడకి చూపించాను. "మీకు జీతం పెంచారా?" అంది. లేదన్నాను. "అయితే చేతులు కడుక్కుని భోజనానికి రండి" అంది.

సర్క్యులర్‌ని అమలుపరిచే భారం మేనేజరు కామేశంగారి మీద పడింది. ఆయన ఏ పనీ సగంలో వదిలే మనిషి కాదు, ఎందుకంటే మొదలుపెట్టడమే అరుదు. ఈ పని మాత్రం ఆయన స్వభావానికి అతికినట్టు సరిపోయింది. కొత్తగా వచ్చిన అర్జీ పచ్చి పదార్థమన్నారు. రికార్డు గదిలో ఉన్న పాత ఫైళ్లు ఎండు పదార్థం. పచ్చి పల్చగా, ఎండు మందంగా ఉండాలని నేను చెప్పాను గనక, ప్రతి అర్జీ మీదా మందంగా పాత ఫైళ్లు పేర్చారు. కుప్పని అప్పుడప్పుడు తిరగెయ్యాలని చెప్పాను గనక, నెలకోసారి ఈ బల్ల మీది కుప్ప ఆ బల్ల మీదికీ, ఆ బల్లది ఈ బల్లకీ మార్చారు. ఇది అంతకుముందు కూడా జరిగేదే. ఇప్పుడు శాస్త్రం తోడైంది.

చిక్కల్లా వేడి దగ్గర వచ్చింది. కాగితాల కుప్పలో చెయ్యి పెడితే వేడి ఎక్కడ తెలుస్తుంది? కామేశంగారు వారం రోజులు ఆలోచించి, సిబ్బంది సమావేశంలో లేచి నిలబడ్డారు.

"వేడి ఫైల్లో ఉండదు సార్, అర్జీదారులో ఉంటుంది. అర్జీదారుడు వచ్చి అరిచాడంటే కుప్పలో వేడి పుట్టిందని అర్థం. మంచి లక్షణం. అప్పుడు ఫైలు తిరగేస్తాం. కొన్నాళ్లకి అరుపు తగ్గి గొణుగుడు అవుతుంది. ఇంకొన్నాళ్లకి రావడం మానేస్తాడు. అదే చల్లారడం. చల్లారిందంటే పండినట్టే."

కమిషనరుగారు కుర్చీలోంచి లేచి ఆయనకి చెయ్యిచ్చారు. "కామేశంగారూ, ఇన్నాళ్లూ ఈ జ్ఞానాన్ని ఎక్కడ దాచారు?" అన్నారు. కామేశంగారు సిగ్గుపడుతూ, తన సర్వీసంతా అందులోనే గడిచిందన్నారు.

ఆ లెక్కన ఆఫీసుకి పెద్ద తలనొప్పి అచ్చియ్యమ్మగారు. అందరూ చల్లారుతున్నారు గాని ఆవిడ చల్లారదు. పొద్దున్నే బండి పెట్టగానే ఒకసారి, టిఫిన్ల వేళ అయ్యాక ఇంకోసారి కిటికీ దగ్గరికొచ్చి అడుగుతుంది.

"నా కుళాయి కాగితం ఏవైందండీ?"

"వేడిగా ఉందమ్మా" అన్నాడు గుమాస్తా.

"వేడిగా ఉంటే ఊదుకోండి. కాగితానికి వేడేటండీ, ఇడ్లీయా ఏటి?"

"నువ్విలా రోజూ వచ్చి కెలికితే ఎప్పటికి పండుతుందమ్మా?" అని లోపల్నుంచి కామేశంగారు కసిరారు. "కుప్పని కుదురుగా ఉండనివ్వాలి."

ఆవిడ తిన్నగా నా దగ్గరికొచ్చింది. ఆకుల బుట్ట కింద పెట్టి, నడుం మీద చెయ్యేసుకుని నిలబడింది. "బాబూ, ఈ సదువంతా మీరే చెప్పారంట గదా. ఆ పక్కీధోళ్లు రేపట్నించి బిందె పెట్టనివ్వరంట. నీళ్లు లేకపోతే పప్పెట్టా నానబొయ్యాల? బండెట్టా నడపాల? నన్నేం చెయ్యమంటారో మీరే చెప్పండి."

సలహాదారుని గనక సలహా ఇచ్చాను. "కొన్నాళ్లు అడగడం మానెయ్యండి అచ్చియ్యమ్మగారూ. చల్లారితే పండినట్టే అన్నారు. పండితే సంతకం పెట్టేస్తారు." అలా జరుగుతుందనే నమ్మాను. నా కుప్పలో పండినదాన్ని మొక్కలకి వేస్తాను మరి.

ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూసి, "మీ మాట మీద మానేత్తన్నాను" అని వెళ్లింది.

అన్నమాట ప్రకారం కిటికీ దగ్గరికి రావడం మానేసింది. పక్క వీధివాళ్లు కూడా అన్నమాట ప్రకారం బిందె పెట్టనివ్వలేదు. కొన్నాళ్లు ఎక్కడెక్కణ్ణుంచో నీళ్లు తెచ్చుకుంది. ఆ తర్వాత గేటు పక్కన ఇడ్లీ బండి కనపడలేదు. గుమాస్తాలు టిఫిన్ లేక ఆవులిస్తూ కూర్చున్నారు. నా కుప్పకి అరిటాకులు లేవు.

నేను ఉండబట్టలేక కామేశంగారి దగ్గరికి వెళ్లాను. "ఆవిడ అడగడం మానేసింది కదండీ. పండిందేమో చూడండి."

"ఎప్పుడో పండింది! పరిష్కరించేశాం కూడాను" అన్నారాయన హుషారుగా.

"కుళాయి ఇచ్చేశారా?"

"కుళాయేమిటయ్యా? అర్జీదారు రావడం లేదంటే సమస్య లేదని కదా. సమస్య లేనప్పుడు కుళాయి ఎందుకు?"

నాకు ఒళ్లు మండిపోయింది. తిన్నగా కమిషనరుగారి గదిలోకి పోయాను. "సార్, మీరు నా కుప్పని సరిగ్గా చూడలేదు. నేను ఏడాదంతా దాన్ని ఊరికే వదిలెయ్యను. తేమ చూస్తాను, గాలి ఆడేలా చూస్తాను, వేడెక్కితే తిరగేస్తాను. పట్టించుకోకుండా వదిలేస్తే ఎరువు కాదు సార్, కుళ్లుతుంది. నిదానం వేరు, నిర్లక్ష్యం వేరు."

ఆయన ముఖం వెలిగిపోయింది. "ఎంత లోతైన మాట!" అన్నారు. మర్నాటికి అది కూడా గోడ మీదికెక్కింది, కింద నా పేరుతో సహా.

ఇంతలో వానాకాలం వచ్చింది. రికార్డు గది కప్పు ప్రతి ఏడూ కారుతుంది, ప్రతి ఏడూ బాగు చేయించమని రాస్తారు. ఈసారి ఆ కాగితాన్ని కూడా పండబెట్టారు. పరిష్కృతమైన అర్జీలన్నీ ఆ గదిలోనే ఉన్నాయి. వాన నీళ్లు పడ్డాయి, ఉక్క పోసింది, చెదలు పట్టాయి, గోడ బీటలోంచి వానపాములు వచ్చాయి. కామేశంగారు తలుపు తీసి, గుప్పెడు ఫైళ్లు పట్టి పిండి, గావుకేక పెట్టారు. "తడి తెలుస్తోంది, నీళ్లు కారడం లేదు! సార్, వచ్చేసింది!"

ఉపమానంగా మొదలైనది నిజమై కూర్చోవడంతో ఆఫీసులో పండగ వాతావరణం ఏర్పడింది. మిగిలిన పని నాకు అప్పజెప్పారు. గుండుసూదులు, ట్యాగులు, లక్కముద్రలు ఏరేసి, ఆ ముద్దనంతా నా కుప్పలో కలిపాను. పని పనే కదా. మనసులో తిట్టుకుంటూనే పొర మీద పొర సరిగ్గా వేశాను, వేళకి తిరగేశాను. చేతకాని ఎరువు చెయ్యడం నా వల్ల కాదు. కలిపేటప్పుడు పిండిచేతి మరక ఉన్న కాగితం ఒకటి కనపడింది. చదవకుండానే ఎవరిదో తెలిసింది. కాసేపు చేతిలో పట్టుకున్నాను. అప్పటికే పీచుపీచైపోయింది.

పండాక చూస్తే, ఆ ఎరువు నా జన్మలో చేసినవాటిలోకెల్లా మేలైనది. దాన్ని చిన్న సంచులకెత్తి పంచడానికి సభ పెట్టారు. పందిరికి 'మీ అర్జీ, మీ ఎరువు' అని బ్యానరు కట్టారు. ఎవరి అర్జీ పండిందో వాళ్లని వేదిక మీదికి పిలిచి, శాలువా కప్పి, సంచి చేతికిచ్చి ఫొటో తీస్తున్నారు. చూడటానికి పైనుంచి ఒక పెద్ద అధికారిగారు వచ్చారు. మా ఊరి పద్ధతి నచ్చితే అవార్డుకి రాస్తారట.

అచ్చియ్యమ్మగారి పేరు పిలిచారు. ఆవిడ వచ్చింది, సగానికి సగమైపోయి ఉంది. శాలువా కప్పించుకుంది. సంచి మూతి విప్పి చెయ్యి పెట్టి గుప్పెడు తీసి వాసన చూసింది. మైకు ఆవిడ నోటి దగ్గర పెట్టారు.

"ఎరువు మా బాగుందండి. దీన్నేసి ఆనపపాదు పెడితే పందిరంతా పాకిపోద్ది" అంది. సభ చప్పట్లు కొట్టింది. చప్పట్లు ఆగేదాకా ఆగింది. "పోయడానికి నీళ్లెక్కడివండీ?"

కమిషనరుగారు చిరునవ్వు చెదరకుండా మైకు తీసుకున్నారు. "మంచి ప్రశ్న అమ్మా. అది ప్రత్యేకంగా వేరే అర్జీ పెట్టుకోండి."

ఆవిడ వేదిక మీదే నిలబడి చుట్టూ చూసింది. పందిరి పక్కనే ఆఫీసు గోడకి ప్రారంభోత్సవాల శిలాఫలకాలు వరసగా ఉన్నాయి. కట్టని మార్కెట్టుది, తవ్వని చెరువుది, ఎప్పుడో వచ్చి వెళ్లినవాళ్ల పేర్లతో ఒక్క అక్షరం చెరగకుండా మెరుస్తున్నాయి. వాటికేసి కాసేపు చూసి, సంచి భుజానేసుకుని కిందికి దిగిపోయింది.

మర్నాడు పొద్దున్న ఆఫీసు తెరిచేసరికి కమిషనరుగారి గది గుమ్మానికి అడ్డంగా ఒక రుబ్బురోలు ఉంది. పొత్రంతో సహా. రోలు చుట్టూ సున్నంతో 'నా కుళాయి ఇప్పించండి' అని రాసుంది. పక్కన అచ్చియ్యమ్మగారు కూర్చుని ఉంది, కిందటి రోజు కప్పిన శాలువాని చాపలా పరుచుకుని.

"ఏమిటమ్మా ఇది?" అన్నారు కామేశంగారు.

"అర్జీ అండి. ఏరే పెట్టుకోమన్నారు గదా. నీళ్లు లేనప్పుడు ఇంట్లో దీంతో నాకేం పని? అందుకే దీని మీద రాయించాను."

"అర్జీ కాగితం మీద ఉండాలి!"

"అట్టా అని ఎక్కడుందో సూపించండి" అంది.

కామేశంగారు మధ్యాహ్నం దాకా నిబంధనలు తిరగేశారు. ఎక్కడా లేదు. చేసేది లేక, ఇన్‌వర్డు ముద్ర తెచ్చి రోలు అంచు మీద కొట్టారు. ముద్ర పడ్డాక అది పచ్చి పదార్థం. పైన మందంగా పాత ఫైళ్లు పేర్చారు. అవన్నీ గుంటలో పడిపోయాయి. పక్వ విధానం ప్రకారం బల్ల మార్చాలి గనక నలుగురు అటెండర్లు దాన్ని ఎత్తి గుమాస్తా బల్ల మీద పెట్టారు. బల్ల కుంగింది. అకౌంటెంటు బల్ల మీదికి మార్చబోతే అకౌంటెంటు సెలవు పెట్టేశాడు. వేడి చూద్దామని చెయ్యి పెడితే రోలు చల్లగా ఉంది. చల్లగా ఉంటే పండినట్టు. పండితే అర్జీదారు వెళ్లిపోవాలి. అర్జీదారు గుమ్మంలోనే కూర్చుని పొత్రాన్ని దొర్లిస్తోంది.

అవార్డు కోసం వచ్చిన పెద్ద అధికారిగారు ఆ పూటే ఆఫీసంతా చూడ్డానికి వస్తున్నారు. కమిషనరుగారు నిదానం మర్చిపోయి పరిగెత్తుకుంటూ నా కుప్ప దగ్గరికి వచ్చారు.

"తాతబ్బాయిగారూ! మీ కుప్పలో ఎప్పుడైనా రాయి పడితే ఏం చేస్తారు?"

నా బతుకులో నన్ను సలహా అడిగినది ఒక ఎత్తు, ఈ అడగడం ఒక ఎత్తు. నేను పార పక్కన పెట్టాను.

"రాయి పండదు సార్. ఎన్ని కార్తీకాలు పెట్టినా రాయి రాయిలాగే ఉంటుంది. కనపడ్డ క్షణంలో ఏరి, ఎక్కడిది అక్కడికి చేర్చెయ్యాలి. దానికి మాత్రం నిదానం పనికిరాదు. రాయి ఉన్న కుప్పని చూసి ఎవడూ అవార్డివ్వడు."

ఆయన అక్కడే, నా పార రేకు మీద కాగితం పెట్టి కుళాయికి మంజూరు సంతకం చేశారు. సాయంత్రంలోగా అచ్చియ్యమ్మగారి గుమ్మం పక్కన మూరెడు గొట్టం వేసి కుళాయి బిగించారు. రోలుని పురపాలక సంఘం వారి బండి మీదే, నలుగురు అటెండర్ల సమక్షంలో, సగౌరవంగా ఇంటికి చేర్చారు. అవార్డు కూడా వచ్చింది.

ఇవాళ పొద్దున్న గేటు పక్కన బండి మళ్లీ వచ్చింది. నేను రెండు వాయిలు తిన్నాను. మధ్యాహ్నం ఆవిడ ఆకుల బుట్ట తెచ్చి కుప్ప మీద బోర్లించింది. "ఆనపపాదు మొలకెత్తింది బాబూ" అంది. నాకు కళ్లు చెమర్చాయి. ఆవిడ చూడకుండా కుప్ప తిరగెయ్యడం మొదలుపెట్టాను.

అంతలో గేటు దగ్గర ఏదో కీచుమని చప్పుడైంది. పార పట్టుకునే ఆఫీసు ముందువైపుకి వచ్చి చూశాను. ఎవరో పెద్దాయన రిక్షా మీద తిరగలి వేసుకుని దిగుతున్నాడు. ఆయన వెనకాల ఒకామె పచ్చడిబండ చంకనెట్టుకుని ఉంది. ఆ వెనకాల ఎడ్లబండి మీద గానుగరాయి వస్తోంది. వీధి మలుపు దాకా వరస కనపడుతోంది.

పెద్దాయన తిన్నగా నా దగ్గరికొచ్చి నమస్కారం పెట్టాడు. "సలహాదారుగారు మీరేనాండీ? మా ఈధి దీపం సంగతి. ఈ తిరగలి పైరాయి మీద రాయించాలాండీ, కిందరాయి మీదా?"